చదువురాని ఖాతాదారు ఫేబీ

బోగోలులోని ఒక బ్యాంకు శాఖ రికార్డుల ప్రకారం జువ్వలదిన్నె వాస్తవ్యుడు గిద్యోను చదువుకున్న మనిషి. అతని కుమార్తె ఫేబీ నిరక్షరాస్యురాలు. ఈ రెండు సంగతులను ఆ శాఖ తొమ్మిదేళ్లపాటు తన కంప్యూటరులో భద్రంగా దాచుకొన్నది. నేను మండల కార్యాలయంలో ముప్పై నాలుగు సంవత్సరాలు నకళ్లు వ్రాసి పదవీ విరమణ చేసినవాడిని. చనిపోయినవారు పింఛను పుచ్చుకొన్న జాబితాలను, బ్రతికి ఉన్నవారు తాము బ్రతికే ఉన్నామని పెట్టుకొన్న అర్జీలను నా చేతితోనే ఎత్తి వ్రాశాను. అయినా ఇంత నిశ్చింతగా తలక్రిందులైన రికార్డు నా కంట పడలేదు.

గిద్యోను జువ్వలదిన్నె హార్బరులో ఐసు పని చేస్తాడు. గడ్డలను యంత్రంలో వేసి పొడి చేసి, పడవల నుండి దిగిన చేపల పెట్టెలకు నింపడం అతని వృత్తి. బడికి వెళ్లినది ఒక్క సంవత్సరం. అందులోనూ వేట రోజులు తీసివేస్తే మిగిలినది కొద్ది. బ్యాంకులో ఖాతా తెరవవలసి వచ్చినప్పుడు, పదిమంది ఎదుట వ్రేలిముద్ర వేయడానికి సిగ్గుపడి నా వద్దకు వచ్చాడు. మా చర్చి సంఘంలో అటువంటి పనులకు అందరూ నా వద్దకే వస్తారు. తెలుగులో అతని పేరు నేర్పబోతే 'ద్యో' వద్ద చేయి తిరగలేదు. అందుచేత ఒక అట్టముక్క మీద ఇంగ్లీషులో వ్రాసి ఇచ్చాను. నెల రోజులు దానిని చూచి గీసి గీసి నేర్చుకొన్నాడు. అది అతనికి వ్రాత కాదు, బొమ్మ. చివరి అక్షరంతో మొదలుపెట్టి మొదటి అక్షరంతో ముగిస్తాడు. ముగిసిన తరువాత చూస్తే ఏ లోపమూ కనబడదు. బ్యాంకువారు ఆ బొమ్మను చూచి అతనిని విద్యావంతుల జాబితాలో చేర్చి, చెక్కుల పుస్తకం కూడా ఇచ్చారు.

ఫేబీ సంగతి వేరు. తొమ్మిదవ ఏట నుండి ఆదివారం ఆరాధనలో వాక్యభాగం ఆమే చదువుతుంది. ఒత్తులు మింగదు, పేర్ల వద్ద తడబడదు. హార్బరులో ఎవరికి ఏ దరఖాస్తు కావాలన్నా నాకు చూపు మందగించిన తరువాత ఆమే వ్రాసి ఇస్తున్నది. బోగోలు శాఖలో మా ఊరివారు జమకట్టే చలానాలలో సగానికి పైగా ఆమె చేతివ్రాతే.

నాల్గవ తరగతిలో ఉండగా ఉపకార వేతనం కొరకు బడి పిల్లలు నలభై మందికి ఒకే పూట ఖాతాలు తెరిచారు. ఆమె పేరును ఇంగ్లీషులో ఒక ఉపాధ్యాయుడు ఒక విధంగాను, మరొకరు మరొక విధంగాను వ్రాసేవారు. తెలుగులో ఒక్కటే విధం కనుక ఆ పిల్ల తెలుగులో సంతకం చేసింది. తెలుగు సంతకాలన్నింటి పక్కనా 'నిరక్షరాస్య ఖాతా' అని ఎవరో ఒక టిక్కు పెట్టి భోజనానికి వెళ్లారు. ఆ టిక్కు సంగతి తొమ్మిదేళ్లు ఎవరికీ తెలియదు. దాని ఫలితం మాత్రం ఫేబీకి తెలుసు. ఆమెకు ఏటీఎం కార్డు రాదు. కావలిలో ఇంటర్మీడియట్ చదువుతున్న రెండేళ్లూ, తన ఉపకార వేతనంలో రూపాయి కావలసినా తరగతి మానుకొని, పాస్‌పుస్తకం పట్టుకొని, స్వయంగా బోగోలు వచ్చి నిలబడాలి. ఆమె సహాధ్యాయి కిషోర్ బాబుకు అదే కావలిలో వేరొక బ్యాంకు పది రోజులలో కార్డు ఇచ్చింది. పుట్టినరోజుకు శుభాకాంక్షలు కూడా పంపింది.

కిందటి సంవత్సరం సెప్టెంబరులో ఫేబీకి మత్స్యశాస్త్ర కళాశాలలో సీటు వచ్చింది. మొదటి విడత రుసుము, హాస్టలు రుసుము ఇరవయ్యవ తేదీ సాయంత్రం అయిదు గంటలలోగా చేరాలి. చేరకపోతే సీటు జాబితాలో తరువాతి వారికి పోతుంది. ప్రభుత్వం ఇచ్చేది తరువాత వస్తుంది, కట్టవలసినది ముందు కట్టాలి. ఐసు కూలితో అది అయ్యే పని కాదు. గిద్యోను సహ ఋణగ్రహీతగా, ఆమె విద్యాఋణానికి దరఖాస్తు చేసింది. మూడవ తేదీన బ్యాంకు నుండి ఇంగ్లీషులో ఒక లేఖ వచ్చింది. నా నకళ్ల పుస్తకంలో ఉన్న దానిని తెనిగించి ఇక్కడ ఇస్తున్నాను:

"తమరు మా రికార్డుల ప్రకారము నిరక్షరాస్య ఖాతాదారు అయినందున, ఋణ పత్రములపై తమ సంతకమును నేరుగా స్వీకరించుటకు వీలుపడదు. కావున ఇందుతో జతపరచిన ప్రకటన పత్రమును క్షుణ్ణముగా చదివి, సొంత దస్తూరితో పూర్తిచేసి, సంతకము చేసి సమర్పించగలరు."

ప్రకటన పత్రంలోని సారాంశం ఇది: 'నాకు చదువను, వ్రాయను రాదు.' చదువురానివారు ఈ వాక్యాన్ని చదివి, వ్రాయరానివారు దీనిని సొంత దస్తూరితో పూర్తిచేయాలి. ఇటువంటి లేఖను ఒకరు తయారుచేసి, మరొకరు సరిచూచి, ఇంకొకరు ముద్ర వేసి పంపారు. ముగ్గురూ జీతం తీసుకొనేవారే.

ఫేబీ లేఖను మా వరండాలో బిగ్గరగా చదివింది. గిద్యోను చేతులు ఇంకా ఐసు చలువకు తెల్లగా ఉన్నాయి.

"ఏమంటుండారమ్మా బ్యాంకోళ్లు?"

"నాకు చదువు రాదంటున్నారు నాన్నా."

"మరి ఇప్పుడు చదివింది ఎవురు?"

"అదే నేనూ అడగబోతుండా."

మరునాడు ముగ్గురమూ శాఖకు వెళ్లాము. అక్కడ ఋణాల వ్యవహారం చూచే అధికారి సంజీవరావు. ఇంగ్లీషు రానివారితో ఇంగ్లీషులోను, వచ్చినవారితో తెలుగులోను మాట్లాడడం అతని అలవాటు. బల్ల ఎదుట రెండు కుర్చీలు ఉంటాయి. వాటి మీద ఎప్పుడూ దస్త్రాలు కూర్చొని ఉంటాయి, మనుషులు నిలబడతారు.

"చూడమ్మా," అన్నాడు తల ఎత్తకుండా, "వెర్నాక్యులర్ సిగ్నేచర్ అంటే సిస్టంలో ఇల్లిటరేట్ కిందే వస్తుంది."

"సార్, నాకు ఇంటర్లో తొమ్మిది వందల యాభై మూడు మార్కులు."

"మార్కులు సిస్టం అడగదు."

"తెలుగు చదువు కాదా సార్?"

"చదువే. కాదన్నానా? బ్యాంకుకు కాదు, అంతే."

"మరి మా నాన్నకు చదువొచ్చని ఎట్ట రాసుకున్నారు సార్?"

సంజీవరావు గిద్యోను సంతకం ఉన్న కాగితం తిరగేసి చూశాడు. "ఇంగ్లీషులో శుభ్రంగా చేశాడు గదా! చూసి నేర్చుకో. రెండు నిమిషాల పని. నువ్వు కూడా ఇంగ్లీషులో సైన్ చెయ్యి, కొత్త స్పెసిమెన్ తీసుకుంటాం."

గిద్యోను తల వంచుకొన్నాడు. తనను పొగిడారో, తిట్టారో అతనికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది గాని, ఆ సంతకం ఎవరు నేర్పారో చెప్పే ధైర్యం చాలలేదు.

"హాల్‌టికెట్టు మీద, టీసీ మీద, సీటు కాయితం మీద, అన్నిటి మీదా తెలుగు సంతకమే సార్," అన్నది ఫేబీ. "ఇప్పుడు మారిస్తే ఈ సంతకం ఎవరిదని కాలేజీలో అడుగుతారు."

"అయితే ఆ డిక్లరేషన్ మీద పెట్టు. ఒక్క సంతకం. ఏం పోయింది నీకు?"

వెనుక వరుసలో అల్లూరు వైపు నుండి వచ్చిన ఆదిశేషమ్మ అనే రైతు నిలబడి ఉంది. వరి పొలం ఉన్న మనిషి. పంట ఋణం తిరగ వ్రాయించుకొనడానికి వచ్చి, అప్పుడే వేసిన వ్రేలిముద్ర సిరాను చీరచెంగుకు అంటకుండా బొటనవ్రేలు పైకెత్తి పట్టుకొని ఉంది.

"ఏం నాయనా," అన్నది సంజీవరావుతో, "ఇందాక నా చలానా రాసిచ్చింది ఈ పిల్లే గదా! చదువురాని పిల్ల రాసిన చలానా నువ్వెట్ట తీసుకున్నావు?"

"అమ్మా, మీ పని మీరు చూసుకోండి."

"నా పనే చూసుకుంటుండా. చదువురానోళ్ల రాతతో కట్టిన దుడ్లు రేపు చెల్లవంటావేమోనని! ఈ పిల్లకి చదువు రాకపోతే నేనేందబ్బా, కలెక్టరునా?"

వరుస అంతా నవ్వింది. పక్క కౌంటరులోని వినీల అనే కొత్త గుమాస్తా కూడా మానిటరు వెనుక ముఖం దాచుకొన్నది. సంజీవరావు మాత్రం నవ్వలేదు. తరువాతి వారిని పిలిచాడు.

బయట కిషోర్ బాబు ఎదురయ్యాడు. కావలిలోని తన బ్యాంకులో తొమ్మిది రోజులలో విద్యాఋణం తెచ్చుకొన్నవాడు.

"మార్చేయ్ ఫేబీ. నేను మార్చలా? రెండు గీతలు గీకి కింద ఒక చుక్క పెట్టినా. ఇంగ్లీషు సంతకమే అనుకున్నారు. మేనేజరు టీ కూడా ఇప్పించినాడు."

"గీతలా? పేరు గాదా?"

"పేరు ఎవురు చదువుతారు మే!"

కిషోర్ బాబు మాటలో అబద్ధం లేదు. చదవవలసిన అవసరం రానంత కాలం బ్యాంకు మర్యాదగల సంస్థ.

నేను ప్రాంతీయ కార్యాలయానికి లేఖ వ్రాశాను. రెండుసార్లు చిత్తుప్రతి దిద్ది, మూడవసారి శుద్ధప్రతి తీసి, రిజిస్టరు పోస్టులో పంపాను. పదహారవ తేదీన జవాబు వచ్చింది: "తమ లేఖ అందినది. తగు చర్య నిమిత్తము సంబంధిత శాఖకు పంపడమైనది." అనగా సంజీవరావు మీద నేను చేసిన ఫిర్యాదును సంజీవరావుకే పంపారు. నేను శాఖకు వెళ్లినప్పుడు అతను దానిని నాకు చూపి, "మీ ఇంగ్లీషు బాగుంది జడ్సన్ గారూ, పాతకాలపు ఇంగ్లీషు," అని మెచ్చుకొని, డిక్లరేషను ఎప్పుడు తెస్తారని అడిగాడు.

పద్దెనిమిదవ తేదీ సాయంత్రం గిద్యోను కూతురి ఎదుట దాదాపు చేతులు జోడించాడు.

"పెట్టేయ్ తల్లీ. నేను చదువుకునే పెడుతుండానా సంతకం? యాడ చూపిస్తే ఆడ పెడుతుండా. ఇంక రెండు దినాలే ఉండేది. సీటు పోతే నువ్వు కూడా మీ అమ్మ మాదిరి రొయ్యల షెడ్డులో పనికి పోవాల్సిందే గదా!"

"నాన్నా, నాకు చదువు రాదని నా చేత్తో రాసిస్తే, నేను ఏం చదివినా ఆ కాయితం నాకంటే ముందు నడస్తాది."

నేను కూడా సంతకం చేయమనే చెప్పాను. అభ్యంతరాన్ని వేరొక లేఖలో నమోదు చేసి సంతకం చేయవచ్చునని, కార్యాలయాలలో అది ఆనవాయితీ అని వివరించాను. ఆమె నా మాటలు మర్యాదగా విని, ప్రకటన పత్రాన్ని మరొకసారి అడిగి తీసుకొన్నది. దీపం వద్ద కూర్చొని చదివింది. తరువాత తిప్పింది.

"తాతగారూ, వెనకపక్క చూసినారా?"

నేను చూడలేదు. ముప్పై నాలుగేళ్లు నకళ్లు వ్రాసిన నేను ముందు పక్కనే నకలు తీసి ఊరుకొన్నాను. వెనుక చిన్న అక్షరాలలో అధికారి ధ్రువీకరణ ఉంది: ఋణ ఒప్పందంలోని ప్రతి షరతునూ తాను స్వయంగా ఖాతాదారుకు తెలుగులో చదివి వినిపించి, అర్థమయ్యేటట్లు వివరించానని అధికారి సంతకం చేయాలి. ఋణ ఒప్పందం ఇరవై మూడు పుటలు. అన్నీ ఇంగ్లీషు.

పంతొమ్మిదవ తేదీ మధ్యాహ్నం శాఖకు వెళ్లాము. ఫేబీ కుర్చీ మీది దస్త్రాలను తీసి బల్ల మీద పెట్టి, కూర్చొన్నది.

"సంతకం పెడతాను సార్."

"అదీ! ఆ మాట ముందే అనుంటే..."

"మీరు చదివి వినిపించినాక పెడతాను. వెనకపక్క ఉంది సార్. మీరు మొత్తం తెలుగులో చదివి నాకు అర్థమయ్యేట్టు చెప్పినారని మీరు సంతకం పెట్టాల గదా. నాకు చదువు రాదు. మీరే చదవాల."

సంజీవరావు వెనుక పుటను చూశాడు. ఆ శాఖలో ఎన్ని సంవత్సరాలుగా ఎందరు వ్రేలిముద్రలవారి కాగితాల మీద అతను ఆ ధ్రువీకరణ చేసి ఉంటాడో లెక్కలేదు. దానిని చదవడం అదే మొదటిసారి అని అతని ముఖం చెప్పింది.

"ఇదంతా ఫార్మాలిటీ అమ్మా."

"నాది ఫార్మాలిటీ కానప్పుడు మీది ఎట్ట అవుతాది సార్?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అతను ఓపికగా చదివి ముగించి ఉంటే, ఇచ్చిన మాట ప్రకారం ఆమె ఆ అబద్ధం క్రింద సంతకం చేయవలసిందే. ఆ సంగతి ఆమెకు తెలుసు.

సంజీవరావు మొదలుపెట్టాడు. మొదటి పుటలో పేర్లు, చిరునామాలు ఉన్నందున గౌరవంగా గడిచింది. రెండవ పుటలో మూడు పంక్తులు వదిలివేశాడు.

"ఆ మూడు లైన్లు చదవలేదు సార్."

"అవి అనవసరం."

"అనవసరమైతే ఎందుకు అచ్చేసినారు సార్?"

వెనక్కు వెళ్లి చదివాడు. మూడవ పుటలో 'జాయింట్లీ అండ్ సెవరల్లీ' అనే మాట వచ్చింది. కొంచెంసేపు దానిని చూచి, "అంటే తండ్రీ కూతుళ్లు జాయింటుగా, అనేకసార్లు బాధ్యత వహించాలి," అన్నాడు.

"అనేకసార్లు కాదు సార్. విడివిడిగా అని. ఇద్దరినీ కలిపి అడగొచ్చు, లేదంటే మా నాన్న ఒక్కడినే పట్టుకొని మొత్తం కట్టమనొచ్చు."

గిద్యోను అప్పటివరకు గోడకు ఆనుకొని ఉన్నవాడు ముందుకు వచ్చాడు.

"ఏందీ? నన్నొక్కడినేనా?"

"అవును నాన్నా."

"ఆ సంగతి నాకెవురూ చెప్పలా! మొన్న యాడబెట్టమంటే ఆడ పెట్టినానే దరఖాస్తులో! సార్, మీకు తెలుసునా ఇది?"

తెలుసునని చెబితే దాచినట్లు, తెలియదని చెబితే చదువురానట్లు. సంజీవరావు కళ్లజోడు తీసి తుడుచుకొన్నాడు. వెనుక వరుస తలుపు దాకా పెరిగింది. ఋణం తిరగ వ్రాయడం ఇంకా పూర్తికాక మూడవసారి తిరుగుతున్న ఆదిశేషమ్మ ఆ వరుసలో నుండి బల్ల దగ్గరకు జరిగి, "మాదీ ఇట్టనే చదవాల్సిందేనా అబ్బయ్యా? అయితే నాకు మొదటినుంచీ చదువు," అన్నది.

నాల్గవ పుట మధ్యలో సంజీవరావు ఆగాడు. అప్పుడు వినీల తన కౌంటరు నుండి లేచి వచ్చింది.

"సార్, ఆ పిల్ల ఖాతా చూశాను. కస్టమర్ వివరాల్లో అక్షరాస్యత అని ఒక గడి ఉంది సార్. అందులో టిక్కు తీసేస్తే చాలు. తెలుగు సంతకం అట్టే ఉంటుంది. ఈ డిక్లరేషన్ అక్కర్లేదు."

"ఎవరు చెప్పారు నీకు?"

"సిస్టంలోనే ఉంది సార్. నేను తీసేసి పంపించాను. మీరు ఆమోదించాలి."

పదహారు రోజులుగా ఒక పిల్ల సీటు ఆ గడి మీద వేలాడుతూ ఉంటే, 'సిస్టం, సిస్టం' అని జపించిన ఆ మనిషి ఒక్కసారి కూడా ఆ సిస్టం తెరిచి చూడలేదు. అంటరానిదానిని తాకినట్లు కీబోర్డును దగ్గరకు లాక్కొన్నాడు. ఫేబీ ఖాతా తెర మీదకు వచ్చింది. అధికారి ఆమోదానికి అక్కడ సంతకం పనికిరాదు. పక్కన ఎర్రదీపం వెలిగే చిన్న పెట్టె ఉంటుంది. దాని మీద అతను బొటనవ్రేలు పెట్టి నొక్కాడు. మొదటిసారి ఒప్పుకోలేదు. తుడుచుకొని మళ్లీ నొక్కాడు.

ఆదిశేషమ్మ మెడ చాచి చూచింది. "ఓయబ్బ! నువ్వూ ఏలిముద్రేనా నాయనా!"

ఈసారి వినీల ముఖం దాచుకొనలేదు.

తొమ్మిదేళ్ల నిరక్షరాస్యత నలభై సెకన్లలో పోయింది. ఇందులో ఆనందించవలసినది ఏమున్నదో నాకు తెలియదు. తప్పు చేసినవారికి దానిని దిద్దడం అంత సులువైతే, అన్ని రోజులు దిద్దనందుకు క్షమించడం అంత కష్టం కావాలి.

సంజీవరావు ఒప్పందాన్ని వారి వైపు తోశాడు. "సరే, ఇద్దరూ ప్రతి పేజీ మీదా సంతకాలు పెట్టండి. త్వరగా."

గిద్యోను కలం అందుకోలేదు.

"అమ్మా, మిగిలినవి కూడా చదువు. నాకు చెప్పు."

"నాన్నా, ఇంకా పంతొమ్మిది పేజీలుండాయి."

"ఉండనీ. ఇన్నాళ్లూ యాడేం పెట్టినానో ఏమో. ఇదొక్కటన్నా తెలుసుకొని పెడతా."

ఫేబీ అతను ఆగిన చోటి నుండి మొదలుపెట్టింది. ఒక్కొక్క షరతునూ ఇంగ్లీషులో కళ్లతో చదివి, తెలుగులో నోటితో చెప్పింది. వడ్డీ ఎప్పటి నుండి మొదలవుతుంది, చదువు మధ్యలో మానితే ఏమవుతుంది, ఉద్యోగం రాకపోతే ఎంత గడువు. గిద్యోను మధ్య మధ్య ఆపి అడిగాడు. కొన్నింటికి ఆమెకు సమాధానం తెలియక సంజీవరావును అడిగింది. అతనికీ తెలియక వినీలను పిలిచాడు. నాలుగు గంటలకు కాపలాదారు పెంచలకృష్ణ షట్టరు సగం దించాడు.

"ఇంకెన్ని పేజీలమ్మాయ్?"

"పదకొండు అన్నా."

"పదకొండా!" అని అతను స్టూలు మీద కూర్చొని తానూ వినసాగాడు. ఋణ పత్రాల మీద సంతకాలు అధికారి సమక్షంలోనే జరగాలనే నిబంధన ఉన్నందున, సంజీవరావు లేచి వెళ్లడానికి వీలులేకపోయింది. ముద్ర చేతిలో పట్టుకొని, ఆ పిల్ల చదివి ముగించేదాకా కూర్చొన్నాడు.

ఇరవయ్యవ తేదీ మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు డబ్బు కళాశాలకు చేరింది. ఇరవై రెండవ తేదీన ఫేబీ హాస్టలులో చేరడానికి వెళ్లినప్పుడు గిద్యోను, నేను వెంట ఉన్నాము. చేరిక పత్రంలో విద్యార్థి సంతకం అన్న చోట ఆమె తెలుగులో తన పేరు వ్రాసింది. అక్కడి గుమాస్తా దానిని ఒకసారి చూచి, ముద్ర వేసి, తరువాతి వారిని పిలిచాడు.